"కార్లు తిరగని దారి" అని ఫ్రాన్స్‌లో సైకిల్ టూర్ కొంటున్నారా? కాస్త ఆగండి

యూరప్‌లో ఉన్న మనవాళ్ళు వేసవి సెలవులకి ఫ్రాన్స్ సైకిల్ టూర్ ప్యాకేజీల గురించి వాకబు చేస్తున్నారని ఈమధ్య నాలుగైదు చోట్ల విన్నాను. అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి. మార్చి ఆఖరి వారంలో మేం 2,640 యూరోలు పోసి కొన్న టూర్‌లో మొదటి రోజూ ఆఖరి రోజూ "కార్లు తిరగని దారి" నేతిబీరకాయలో నెయ్యి లాంటిదే. మధ్యలో రోజులు బాగున్నాయి, ఆ సంగతి కూడా చెప్తాను.

మేం స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. నేను, మావారు, తొమ్మిదేళ్ళ మా బాబు, లియోన్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా తమ్ముడు, మొత్తం నలుగురం. ఐదు రాత్రుళ్ళు హోటళ్ళు, అద్దె సైకిళ్ళు, సామాను ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి వాళ్ళే చేరవేయడం. బర్గండీలో బోన్ నుంచి మాకోన్ దాకా. ప్రకటనలో పెద్ద అక్షరాలతో "నూటికి నూరు శాతం కార్లు లేని దారి, చదునైన నేల, పిల్లలకి అనుకూలం" అని ఉంది. పక్కన ఫొటోలో చెట్ల నీడన కాలువ గట్టు, దాని మీద నెమ్మదిగా పోతున్న ఒక కుటుంబం. ఆ ఫొటో చూసే కదా పడ్డాం! కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

మొదటి రోజు బోన్ నుంచి సాంతనే దాకా ఇరవై రెండు కిలోమీటర్లు. ఈ దారిని అక్కడ "వ్వా దే వీన్య్" అంటారు, ద్రాక్షతోటల దారి అన్నమాట. పొమ్మార్, వొల్నే, మెర్సో లాంటి ఊళ్ళ మీదుగా పోతుంది. ఈ తోటలకి 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చూడ్డానికి అద్భుతమే, కాదనను. కానీ అది తోటల మధ్య పని దారి. మార్చిలో తీగల కత్తిరింపు, కట్టడం పనులు జోరు మీద ఉంటాయి. వ్యాన్లు దారికి అడ్డంగా ఆపి ఉంటాయి. ద్రాక్ష వరుసల మీదుగా కాళ్ళు చాచి నడిచే ఎత్తైన ట్రాక్టర్లు ఉంటాయే, అవి ఎదురొస్తే సైకిల్ దిగి అంచుకి జరగాల్సిందే. వాళ్ళ పొలం, వాళ్ళ పని, వాళ్ళని అనేదేముంది. ఊళ్ళలోకి వచ్చాక మామూలు వీధులు, మామూలు కార్లు. చదును నేల అన్న మాటకొస్తే, వొల్నే దగ్గర ఎక్కుడు చూసి మావాడు సైకిల్ దిగి "అమ్మా, ఇది ఫ్లాటా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం అసలు సంగతి తమ్ముడు పట్టుకున్నాడు. దారి పక్కన పాతిన బోర్డు చూపించి, "అక్కా, ఇక్కడ వెలోరూత్ అని ఉంది చూడు, వ్వా వెర్త్ అని లేదు. రెండూ ఒకటి కాదు" అన్నాడు. ఈ పోస్టులో మీరు ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి. "వ్వా వెర్త్" అంటే పచ్చదారి. 2004లో ఫ్రాన్స్ ట్రాఫిక్ చట్టంలో చేర్చిన మాట అది. మోటారు బండ్లు రాకూడని, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ కేటాయించిన దారి. నీలం చతురస్రపు బోర్డు మీద మనిషి, సైకిలు బొమ్మలుంటాయి. "వెలోరూత్" అంటే సైకిల్ ప్రయాణానికి గుర్తులు పెట్టిన పొడుగాటి మార్గం, అంతే. అందులో కొంత పచ్చదారి ఉండొచ్చు, కొంత కాలువ గట్టు ఉండొచ్చు, కొంత కార్లు తక్కువగా తిరిగే పల్లె రోడ్డు ఉండొచ్చు. "తక్కువగా తిరిగే" అనే మాటనే మాకు ఇంగ్లీషులో "తిరగని" అని అమ్మారు.

అందరికీ తెలిసిన లోయిర్ నది దారి కూడా ఇంతే. దాదాపు 900 కిలోమీటర్లు, అట్లాంటిక్ నుంచి నల్లసముద్రం దాకా పోయే యూరోవెలో 6లో భాగం. గొప్ప దారి, పైగా చదును. కానీ అందులోనూ ఊరి రోడ్ల మీద కార్లతో కలిసి పోయే ముక్కలు చాలానే ఉన్నాయి. దాన్ని ఎవరైనా "కార్లు లేనిది" అని అమ్మితే మీకే తెలిసిపోవాలి.

ఆ రాత్రి హోటల్ ఇంకో కథ. సాంతనేలో అన్నారు. తీరా చూస్తే సాంతనే నుంచి ఎనిమిది కిలోమీటర్లు, అదీ జిల్లా రోడ్డు మీద. ఊరి బయట అలాంటి రోడ్ల మీద వేగ పరిమితి 80, కొన్ని జిల్లాల్లో 90. సైకిల్‌ని దాటేటప్పుడు ఒకటిన్నర మీటరు దూరం వదలాలని చట్టం ఉంది, చాలామంది వదిలారు కూడా. వదలనివాడు ఒక్కడు చాలు కదా గుండె జారడానికి. ఎనిమిదేళ్ళు నిండని పిల్లలైతే ఫుట్‌పాత్ మీద తొక్కొచ్చు, మావాడికి తొమ్మిది. అయినా ఆ రోడ్డుకి ఫుట్‌పాత్ ఎక్కడిది? మావారు ముందు, నేను వెనక, మధ్యలో వాడు. చీకటి పడుతోంది. ఫ్రాన్స్‌లో ఊరి బయట చీకట్లో తొక్కితే మెరిసే జాకెట్ తప్పనిసరి. కంపెనీ ఇచ్చిన సంచిలో ఒక్కటి కూడా లేదు.

హెల్మెట్ సంగతీ అలాగే. 2017 నుంచి అక్కడ పన్నెండేళ్ళలోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, ఈ మాట సైకిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళకి తెలియకుండా ఎలా ఉంటుంది? మాకు ఇచ్చింది పెద్దవాళ్ళ సైజు. మావాడు పెట్టుకుంటే ముక్కు దాకా దిగింది. దారిలో వచ్చిన షాలోన్ ఊళ్ళో మా డబ్బుతో సరైన సైజుది కొన్నాం. రసీదు దాచాం.

రెండో రోజు నుంచి కథ మారింది. సాంతనే దగ్గర సాంత్ర్ కాలువ గట్టు పట్టుకుంటే షాలోన్ దాకా హాయిగా పోయాం. మూడో రోజు షాలోన్ నుంచి జీవ్రీ మీదుగా బ్యుస్సీ. నాలుగో రోజు క్లూనీ. జీవ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల ఈ దారి ఒకప్పటి రైలు పట్టా, 1997లో తెరిచారు, ఫ్రాన్స్‌లో మొట్టమొదటి వ్వా వెర్త్ ఇదేనని చెప్పుకుంటారు. రైలు నడిచిన దారి కనుక ఎత్తుపల్లాలు అసలు తెలియవు. పాత స్టేషన్లు అక్కడక్కడ నిలబడి ఉన్నాయి. మావాడు హ్యాండిల్ వదిలేసి పాటలు పాడుకుంటూ తొక్కాడు. ఆ రెండు రోజులు చూశాక నా కోపం ఇంకా పెరిగింది. ఉన్నదున్నట్టు "మూడింట రెండొంతులు పచ్చదారి, మిగతాది పల్లె రోడ్లు" అని రాసుంటే మేం కొనేవాళ్ళమే! బోన్ నుంచి కాకుండా షాలోన్ నుంచి మొదలుపెట్టేవాళ్ళం, అంతే తేడా.

ఒక చిన్న మాట, ప్యాకేజీతో సంబంధం లేదు. సోమవారం పల్లెల్లో చాలా కొట్లు మూసి ఉంటాయి. మధ్యాహ్నం రెండు దాటితే భోజనం పెట్టేవాళ్ళు దొరకడం కష్టం. శాకాహారులైతే మరీను. నేను పట్టుకెళ్ళిన పులిహోర మొదటి రోజు, పొడి డబ్బా మిగతా రోజులు కాపాడాయి. నీళ్ళు అయిపోతే ఊరి శ్మశానంలో కుళాయి ఉంటుంది, అక్కడ సైకిల్ మీద తిరిగేవాళ్ళందరూ అక్కడే పట్టుకుంటారు. మా అత్తగారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఐదో రోజు క్లూనీ నుంచి మాకోన్. మధ్యలో బువా క్లేర్ సొరంగం, ఒకటిన్నర కిలోమీటరు పైనే ఉంటుంది, పాత రైలు సొరంగం. బాబు దాని కోసమే వారం ముందు నుంచీ రోజులు లెక్కపెడుతున్నాడు. మా రూట్ పుస్తకంలో దాని ఫొటో కూడా వేశారు. వెళ్ళి చూస్తే గేటు వేసి ఉంది. లోపల గబ్బిలాలు శీతాకాలం నిద్రలో ఉంటాయట, వాటి కోసం ఏటా చలికాలమంతా మూసేస్తారట. ఇది దాచిన రహస్యమేం కాదు, గేటు మీదే రాసి పెట్టారు. ఆ తేదీల్లో టూర్ అమ్మినవాళ్ళు చూసుకోవద్దా? పక్కదారి కొండ మీదుగా పోతుంది. బరువైన అద్దె సైకిళ్ళు తోసుకుంటూ ఎక్కాం. ఫోన్ చేస్తే "అది ప్రకృతి కారణం" అన్నారు. గబ్బిలాల మీద నెట్టేశారు పాపం.

ఇంటికొచ్చి వాపసు అడిగితే వచ్చిన జవాబు చూడండి. మేం ఒప్పుకున్న షరతుల్లో, ఫ్రెంచిలో ఉన్న పేజీలో, "వెలోరూత్" అనే రాసి ఉందట. కనుక మోసం లేదట. ఇంగ్లీషు ప్రకటన "ప్రచార భాష" అట. వచ్చే ఏడాదికి పది శాతం తగ్గింపు కూపన్ ఇస్తామన్నారు. పైగా డిపాజిట్‌లో 140 యూరోలు కోసేశారు, ఒక రిమ్ వంగిందని. తీసుకున్నప్పుడే వంగి ఉందేమో మాకేం తెలుసు, ఫొటోలు తియ్యలేదు. ఆ తప్పు మాదే. సైకిల్ చేతికి రాగానే చక్రాలు, బ్రేకులు, ఫ్రేము తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి.

ఇక కొనబోయేవాళ్ళు ఏం చెయ్యాలో మా అనుభవంలోంచి చెప్తాను. డబ్బు కట్టకముందే దారి జీపీఎక్స్ ఫైలు (దారి మొత్తాన్ని మ్యాప్ మీద గీతలా చూపించే ఫైలు) అడగండి. మాకు మొత్తం కట్టాకే ఇచ్చారు, అక్కడే అనుమానం రావాల్సింది. ఆ ఫైలుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్‌లోని సైకిల్ దారుల పొర మీద పెట్టి చూస్తే ఎక్కడ ప్రత్యేక దారి, ఎక్కడ రోడ్డు అనేది కనిపిస్తుంది. ఫ్రాన్స్ వెలో టూరిజం వాళ్ళ సైట్‌లో కూడా పెద్ద దారులన్నిటికీ ముక్క ముక్కగా ఈ వివరం ఉంటుంది. తర్వాత ఒక్కటే ప్రశ్న మెయిల్‌లో పెట్టండి: "ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు వ్వా వెర్త్, ఎన్ని కిలోమీటర్లు కార్లతో కలిసి?" అంకెలు రాతలో రావాలి. ఫోన్లో చెప్పింది చెల్లదు. హోటల్‌కి "అక్కెయ్ వెలో" గుర్తు, అంటే సైకిల్ మీద వచ్చేవాళ్ళకి అనువైన చోటు అని ఇచ్చే గుర్తు, ఉందా అని కూడా అడగండి. ఆ గుర్తు ఉన్నవి సైకిల్ దారికి ఐదు కిలోమీటర్లలోపే ఉండాలి, సైకిళ్ళు భద్రంగా పెట్టుకునే చోటు ఉండాలి. మా సాంతనే హోటల్‌కి ఆ గుర్తు లేదని తర్వాత చూశాం.

దక్షిణాన మిడీ కాలువ టూర్లు కూడా ఇలాగే అమ్ముతున్నారు. తులూజ్ నుంచి మొదటి యాభై కిలోమీటర్లు తారు వేసిన చక్కటి గట్టు. ఆ తర్వాత ఓడ్ జిల్లాలో చాలాచోట్ల తారు ఉండదు, కొన్ని ముక్కల్లో మట్టి బాట, చెట్ల వేళ్ళు. కార్లు ఉండవు, నిజమే. పిల్లల చిన్న చక్రాలకి మాత్రం ఆ ముక్కలు నరకం. అదే తులూజ్ నుంచి అటువైపు, పడమరకి పోయే గారోన్ కాలువ 193 కిలోమీటర్లు, గట్టు దాదాపు అంతా తారే. ప్రకటనలో రెండు కాలువల ఫొటోలూ ఒకేలా ఉంటాయి.

చట్టం విషయం. హోటలు, సైకిలు కలిపి ఒకే ధరకి అమ్మితే అది యూరోపియన్ యూనియన్ ప్యాకేజీ ప్రయాణ నిబంధనల కిందికి వస్తుంది, 2018 జులై నుంచి అమల్లో ఉన్నవి. చెప్పినట్టు ఇవ్వకపోతే ధర తగ్గింపు అడిగే హక్కు మీది. కానీ లోపం కనిపించగానే, ప్రయాణంలో ఉండగానే చెప్పాలి. తమ్ముడు మొదటి రోజు రాత్రే ఫొటోలతో మెయిల్ పెట్టించాడు, ఇప్పుడు మా చేతిలో ఉన్న బలం అదొక్కటే. ఆన్‌లైన్‌లో కొన్నాం కదా, పధ్నాలుగు రోజుల్లో రద్దు చేసుకోవచ్చు అనుకోకండి. తేదీ పెట్టి కొన్న ప్రయాణాలకి ఆ వెసులుబాటు లేదు. ఫ్రాన్స్‌లో ఉన్న కంపెనీ అయితే అతూ ఫ్రాన్స్ (అక్కడి ప్రభుత్వ టూరిజం సంస్థ) నడిపే ట్రావెల్ కంపెనీల రిజిస్టర్‌లో నంబరు ఉందో లేదో చూసుకోండి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వద్దు, కార్డుతోనే కట్టండి.

మేం జర్మనీలో ఉంటాం, కంపెనీ ఫ్రాన్స్‌లో. ఇలాంటి సరిహద్దు దాటిన గొడవలకి యూరోపియన్ వినియోగదారుల కేంద్రం ఉచితంగా సాయం చేస్తుంది. జర్మనీ, ఫ్రాన్స్ రెండింటి కేంద్రాలూ స్ట్రాస్‌బర్గ్ ఎదురుగా రైన్ నదికి ఇవతల కేల్ ఊళ్ళో ఒకే చోట ఉన్నాయి. అక్కడికి కాగితాలన్నీ పంపాం. ఈలోగా కంపెనీ హెల్మెట్ డబ్బులు తిరిగిచ్చింది, డిపాజిట్ 140 మాత్రం "పరిశీలనలో ఉంది" అంటోంది. జవాబు రాగానే ఇక్కడే కింద రాస్తాను. ఇదే బోన్ - మాకోన్ టూర్‌ని "నూటికి నూరు శాతం" మాటతో మీకు ఎవరైనా అమ్మి ఉంటే ఆ ప్రకటన పేజీ ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, మేం ఫిర్యాదు చేసిన వారానికే కంపెనీ సైట్‌లో మా టూర్ పేజీ నుంచి ఆ మాట మాయమైంది.