గట్టు మీద టేకు మేలా, మహాగని మేలా?

పొలం గట్టు మీద కలప చెట్టు వేద్దామంటే ఒకప్పుడు టేకు తప్ప ఇంకో పేరు వినిపించేది కాదు. ఇప్పుడు మహాగని పోటీకి వచ్చింది. పదేళ్లు ఆగితే ఎకరాకు కోటి అంటూ వాట్సాప్‌లో తిరిగే లెక్కలను కాసేపు పక్కన పెట్టి, అసలు ఆ చెట్లు ఎలాంటివో చూద్దాం.

టేకు మన నేల చెట్టే. ఆదిలాబాద్ అడవుల్లో, గోదావరి పరీవాహకంలో దానంతటదే పెరుగుతుంది. వృక్షశాస్త్రం లెక్కలో అది తులసి కుటుంబంలోది. లేత కొమ్మ తుంచి చూస్తే తులసి కాడలాగే నాలుగు పలకలుగా కనిపిస్తుంది. మూరెడు పొడవుండే గరుకైన ఆకులు ఎదురెదురుగా వస్తాయి, లేతాకు నలిపితే వేళ్లకు ఎర్రరంగు అంటుతుంది. మహాగనిది వేప కుటుంబం. పుట్టిల్లు మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. 1795లో జమైకా నుంచి కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చారు. ఆకులో చిన్నాకుల అమరిక వేపను గుర్తుచేస్తుంది కానీ అంచుకు రంపపు పళ్లుండవు, నున్నగా మెరుస్తుంది.

గట్టు చెట్టు విషయంలో మొదట చూడాల్సింది నీడ. టేకు ఎండాకాలానికి ఆకంతా రాల్చేస్తుంది. యాసంగి పంటకు దాని నీడ బెడద తక్కువే. వానాకాలం మాత్రం ఆ పెద్ద ఆకులన్నీ విచ్చుకుని గట్టు పక్క సాళ్లకు వెలుతురు తగ్గిస్తాయి. ఆకు మీద పోగై జారే చినుకులు పెద్దవి కాబట్టి చెట్టు కింద మట్టి కూడా కొట్టుకుపోతుంది. మహాగని ఆకు రాల్చినా కొన్నాళ్లకే మళ్లీ చిగురిస్తుంది, అంటే ఏడాదంతా నీడే. ఇంటి ముందుకో, రోడ్డు వారకో అది వరం. వరి చేను గట్టుకు మాత్రం కాదు.

నా తూకం టేకు వైపు మొగ్గడానికి అసలు కారణం పురుగు. రెండింటికీ పురుగు పడుతుంది, పడే చోటు వేరు. టేకును పట్టే గొంగళి పురుగులు ఆకును తింటాయి. కొన్నిసార్లు ఈనెలు మాత్రమే మిగిలి చెట్టు జల్లెడలా కనిపిస్తుంది. చూస్తే గుండె గుభేలుమంటుంది కానీ చెట్టు మళ్లీ ఆకు వేసుకుంటుంది. ఆ ఏడు ఎదుగుదల కొంత తగ్గుతుంది, అంతే. మహాగనిని పట్టేది చిగురు తొలిచే పురుగు. లేత మొవ్వులోకి దూరి లోపలి బెండును తినేస్తుంది, తల ఎండిపోతుంది. కింద నుంచి రెండు మూడు కొమ్మలు పోటీపడి లేస్తాయి. కలపకు కావాల్సింది నిటారైన మాను. ఏడెనిమిది అడుగుల దగ్గరే చీలిపోతే దాంట్లోంచి ఏం పలకలు తీస్తాం? మహాగని పుట్టిన అమెరికా దేశాల్లో కూడా తోటలుగా పెంచినచోట ఈ జాతి పురుగులే పెద్ద తలనొప్పి. ఒక్క కొమ్మ ఉంచి మిగతావి కోసేస్తూ, వేరే చెట్ల మధ్య కలిపి నాటితే కొంత నయం. మొదటి నాలుగైదేళ్లు చెట్టు చెట్టుకూ తిరిగి చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకే అది.

నీళ్లు నిలిచే చోట టేకు బాగుపడదు, కాబట్టి చౌడు పల్లాల్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. గట్ల మీద గడ్డి కాల్చే అలవాటున్న ఊళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. టేకు మొక్క పైన మాడినా వేరు నుంచి మళ్లీ లేస్తుంది. పలచని బెరడున్న లేత మహాగనికి మంట తగిలితే తట్టుకోవడం కష్టం.

ఇక కలప. టేకు చేవలో, అంటే మాను లోపలి ముదురు చెక్కలో, చెదకు గిట్టని పదార్థాలు, నూనె జిడ్డు ఉంటాయి. అందుకే వానకు తడిసే గుమ్మాలకు, కిటికీలకు దాన్ని మించింది దొరకడం కష్టం. కాకపోతే అందులో ఉండే సిలికా వల్ల రంపం పళ్లు త్వరగా మొద్దుబారతాయి. మహాగని ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది, పని తేలిక, పాలిష్ పెడితే కళ్లు తిప్పుకోలేం. ఇంట్లో వేసే మంచాలకు, అల్మరాలకు అదే అందం అంటాను. గిటార్లు చేసేవాళ్లు ఊరికే దాన్ని వెతుక్కోరు. చెద దగ్గర మాత్రం టేకంత గట్టిది కాదు. పైగా మన వడ్రంగులకూ, ఇల్లు కట్టుకునేవాళ్లకూ మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి వచ్చే టేకంటే ఉన్న నమ్మకం మహాగని మీద ఇంకా కుదరలేదు. అమ్మేటప్పుడు ఆ తేడా ధరలో తెలుస్తుంది.

ఏది నాటినా పదేళ్లకే నరికితే దక్కేది ఎక్కువగా బయటి తెల్ల చెక్క. చెదను ఆపే గుణం చేవది, తెల్ల చెక్కది కాదు. చేవ బలపడటానికి ఇరవై, పాతికేళ్లు ఆగాలి.

ఇంత చెప్పినా మహాగనే కావాలంటే మొక్క కొనేముందు దాని తల్లి చెట్టు కాయ చూపించమనండి. అసలు మహాగని కాయ అడుగు నుంచి ఐదు చెక్కలుగా విచ్చుకుంటుంది, గింజకు ఒకవైపే పొడవాటి రెక్క ఉంటుంది. ఆఫ్రికా మహాగని పేరు కలిసినా వేరే చెట్టు, దాని కాయ గుండ్రంగా ఉంటుంది, గింజ చుట్టూ రెక్క ఉంటుంది. అదీ ఇదే కుటుంబం, రోడ్ల వెంట నీడకు బాగానే ఉంటుంది, కానీ మీరు డబ్బు పెట్టాలనుకున్న చెట్టు అది కాదు.

మూడో పేరు అడిగితే వేగిస అంటాను. గాటు పెడితే రక్తంలాంటి జిగురు కారుతుంది. చెక్క గ్లాసులు చేసేది దీంతోనే. గుమ్మాలకు భేషైన కలప, కానీ చాలా నిదానంగా పెరుగుతుంది.

టేకు వేసేవాళ్లు గింజలతో కుస్తీ పట్టనక్కర్లేదు. పెంకు గట్టిది, సరిగా మొలవదు. నర్సరీల్లో దొరికే స్టంపులు, అంటే ఏడాది మొక్క వేరుకు కొద్దిపాటి కాండం వదిలి కోసినవి, తొలకరి పడగానే నాటుకుంటే చాలు. పెరిగాక నరకాలన్నా, లారీలో తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. గట్టు ఉమ్మడిదైతే చెట్లు ఎవరివి, నీడ ఎవరి చేలో పడుతుందన్నది పక్క రైతుతో నాటకముందే తేల్చుకోండి.