టార్పెడో పేలుడు ఎఫెక్ట్స్ ప్యాక్ కొంటున్నారా? డబ్బులు పంపకముందే ఇది చదవండి

సబ్‌మెరైన్ గేమ్ చేసుకుంటున్న మన తెలుగు పిల్లలందరికీ ఒక మాట. "అచ్చం నిజం లాంటి టార్పెడో పేలుళ్లు, 12 రకాలు, యూనిటీలో వేసుకుంటే చాలు" అంటూ మెసేజ్ గ్రూపుల్లో ఒక ప్యాక్ తిరుగుతోంది. టార్పెడో అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడలను ముంచే ఆయుధం, యూనిటీ అంటే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ (గేమ్ ఇంజిన్). ప్యాక్ అంటే అందులో వేసుకునే రెడీమేడ్ బొమ్మలు, శబ్దాల ఫైళ్లు. ధర 3,500 రూపాయలు. దయచేసి కొనకండి. నేనూ మా బాబాయి కొడుకూ కొని మోసపోయాం.

మేముండేది హనుమకొండలో. తమ్ముడిది ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి అట్లాంటిక్ నేపథ్యంగా చిన్న సబ్‌మెరైన్ సిమ్యులేషన్ గేమ్ ప్రాజెక్టుగా పెట్టుకున్నాడు. పెరిస్కోపు, దిక్కులు, టార్పెడో లెక్కలు అన్నీ రాత్రుళ్లు కూర్చొని చేసుకున్నాం. పేలుడు ఒక్కటే కుదరలేదు. మేం చేసింది బకెట్లో రాయి వేసినట్టుగా ఉండేది. డెమోకి మూడు వారాలే ఉందన్న టెన్షన్‌లో ఈ ప్యాక్ వీడియో చూశాం. నిజంగా ఒళ్లు జలదరించింది. అమ్మేవాడు ఫోన్‌లో మన యాసలోనే మాట్లాడాడు. "నేను గూడ మనదిక్కు పిల్లగాన్నే అన్నా, మీ తమ్మునికి ఏ డౌటొచ్చినా నేనున్న" అన్నాడు. ఆ మాట మీదే ముందు 1,500, ఫైళ్లు సగం వచ్చాక మిగతా 2,000 పంపాం.

ఫైళ్లు తెరిస్తే వీడియోలో చూసిందేదీ లేదు. ఆ వీడియో గేమ్‌లో తీసింది కాదు. వేరే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫ్రేమూ గంటల తరబడి రెండర్ చేసి (కంప్యూటర్‌తో గీయించి) అతికించింది. మాకు వచ్చినవి భూమ్మీద బాంబు పేలే మంటల బొమ్మలు, కింద నాలుగు నీటి తుంపర్లు. అన్నీ నారింజ రంగే. నీటి మట్టం దగ్గర ఎఫెక్ట్ కత్తితో కోసినట్టు గీత పడుతోంది. కెమెరా కొంచెం కదిపితే తుంపర్లు సముద్రం వెనక్కి వెళ్లి మాయమవుతున్నాయి. ఒక్క పేలుడుకే ఫ్రేమ్ రేటు (సెకనుకు తెర మీద కనిపించే బొమ్మల సంఖ్య) 60 నుంచి 14కి పడిపోయింది. అడిగితే "మీ లాప్‌టాప్ ప్రాబ్లం అన్నా" అన్నాడు.

మంటల గురించి గట్టిగా అడిగాం. దానికి అతను పంపింది బ్రిటిష్ యుద్ధనౌక బార్హాం మునిగిన పాత వీడియో. "చూడండి, టార్పెడో తగిలితే ఇట్లనే ఉంటది" అని. ఇక్కడే చాలామంది మోసపోతారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. 1941 నవంబరు 25న జర్మన్ సబ్‌మెరైన్ యూ-331 వేసిన మూడు టార్పెడోలు ఆ ఓడకు తగిలాయి. ఓడ పక్కకు ఒరిగిపోయింది. దాదాపు నాలుగు నిమిషాల తర్వాత లోపలి మందుగుండు గదులు పేలాయి. వీడియోలో ఆకాశమంతా కమ్మేసేది ఆ పేలుడే. ఎనిమిది వందల మందికి పైగా ప్రాణాలు పోయిన క్షణం అది. టార్పెడో పేలుడు అలా ఉండదు. దాన్ని చూపించి మంటల ప్యాక్ అమ్మడం నాకు చాలా బాధ కలిగించింది.

నీళ్ల కింద పేలితే ఏమవుతుందో మా పెద్దనాన్న ఒక్క ముక్కలో చెప్పాడు. ఆయనది పరకాల దగ్గర పల్లె. వయసులో ఉన్నప్పుడు బావులు తవ్వే పనికి పోయేవాడు, రాతిలో తూటాలు పెట్టి పేల్చేవారు. "నీళ్లున్న బాయిల తూటా పేలితే ముందుగాల కాళ్ల కింద భూమి అదురుతది బిడ్డా. ఎనుక తెల్లగ నీళ్లు లేస్తయ్. మంట ఏడ కనవడ్తది?" అన్నాడు. టార్పెడోకూ ఇదే వర్తిస్తుంది. పేలగానే షాక్ వేవ్ (పేలుడు ఒత్తిడి అల) నీటి పైభాగాన్ని తాకి, ఆ చోటంతా ఒక్కసారిగా తెల్లబడి గుమ్మటంలా ఉబ్బుతుంది. లోపల వేడి వాయువు పెద్ద బుడగలా విచ్చుకొని పైకి చీల్చుకు వస్తుంది, అప్పుడు నీటి స్తంభం లేస్తుంది. మంట, నల్లపొగ కనిపించాలంటే ఓడలో నూనో మందుగుండో అంటుకోవాలి. అది తర్వాత జరిగే సంగతి, వేరే ఎఫెక్ట్‌గా ఉండాలి.

ఓడ అడుగున పేలినప్పుడు సంగతి ఇంకా వేరు. బుడగ ఉబ్బి ఓడ నడుమును పైకి లేపుతుంది, కుంచించుకుపోగానే కింద ఆధారం లేక ఓడ కూలబడుతుంది. అలా వెన్ను విరుగుతుంది. 1999 జూన్ 14న ఆస్ట్రేలియా నౌకాదళం తమ పాత ఓడ టోరెన్స్‌ను మార్క్ 48 టార్పెడోతో పరీక్షగా ముంచింది. ఆ ఫొటోలు దొరుకుతాయి, తప్పకుండా చూడండి. ఓడ మధ్యలో తెల్లటి నీటి గోడ లేచి, ఓడ రెండు ముక్కలైంది. ఏ ప్యాక్ చూసినా ఆ ఫొటోల పక్కన పెట్టి పోల్చుకోండి.

డబ్బులు పంపకముందే మీరే చేసుకోగల పరీక్ష ఇంకొకటుంది. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నీటి స్తంభం ఎంతసేపుందో కొలవండి. 50 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు కింద పడటానికే మూడు సెకన్లకు పైగా పడుతుంది, లేవడానికి కూడా దాదాపు అంతే. అంటే ఆరు సెకన్లకు తక్కువ కాకూడదు. మాకు వచ్చిన ప్యాక్‌లో మొత్తం ఒకటిన్నర సెకనులో అయిపోతుంది. అంత తొందరగా పడిపోయే నీళ్లు మూడు మీటర్లకు మించి లేవవు. పెద్ద ఓడ పక్కన అది బొమ్మ పడవ ఆటలా కనిపించడానికి కారణం ఇదే. మేం రంగులు మార్చి, సైజు పెంచి రెండు రాత్రులు వృథా చేశాక గానీ ఈ లెక్క తట్టలేదు.

శబ్దం కూడా అడగండి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతే, నీళ్లలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. కిలోమీటరున్నర దూరంలో టార్పెడో పేలితే, నీళ్లలో ఉన్న సబ్‌మెరైన్ లోపలికి ఒక సెకనులో వినిపిస్తుంది. పైన డెక్ మీద నిలబడిన మనిషికి గాలి మీదుగా రావడానికి నాలుగు సెకన్లు దాటుతుంది. ఈ ప్యాక్‌లో మంట వెలగ్గానే దీపావళి బాంబులా 'ఢాం' అంటుంది. లోపలా బయటా ఒకటే సౌండ్ ఫైలు.

అన్నింటికన్నా భయపెట్టింది లైసెన్సు. ఫోల్డర్‌లో లైసెన్సు కాగితమే లేదు. కొన్ని బొమ్మల ఫైళ్ల పేర్లు ఇంకెవరో ఉచితంగా ఇచ్చిన మోడ్‌లోని (ఉన్న గేమ్‌కు జోడించుకునే మార్పుల ఫైళ్లు) పేర్లతో అక్షరం పొల్లుపోకుండా కలుస్తున్నాయి. కష్టపడి చేసినవాళ్లు ఊరికే ఇచ్చారు, ఇతను వాటినే అమ్ముకుంటున్నాడు. రేపు మీ గేమ్ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో పెడితే అసలు యజమాని ఫిర్యాదు చేసేది మీ మీదే. అందుకే ఎవరి దగ్గర కొన్నా లైసెన్సు రాసివ్వమనండి, పేలుడును గేమ్ ఇంజిన్‌లోనే నడిపి, ఫ్రేమ్ రేటు కనిపించేలా వీడియో కాల్‌లో చూపించమనండి. నిజంగా చేసినవాడు సంతోషంగా చూపిస్తాడు. మేం అడిగిన రోజే అతను మమ్మల్ని బ్లాక్ చేశాడు.

యూపీఐ రసీదులు, చాట్ స్క్రీన్‌షాట్లు పెట్టి 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాం, ఫిర్యాదు నమోదైంది. ఇలా మోసపోయినవాళ్లు ఆలస్యం చేయకుండా వెంటనే చేయండి. చాట్ మాత్రం డిలీట్ చేయకండి.

తమ్ముడు ఇప్పుడు మంటలన్నీ తీసేసి మొదటి నుంచి కడుతున్నాడు. ముందు తెల్ల గుమ్మటం, తర్వాత స్తంభం, జారే తుంపర, చివర నీటి మీద చాలాసేపు నిలిచే నురగ వలయం. నాలుగూ వేర్వేరు పార్టికల్ సిస్టమ్‌లు (చిన్న చిన్న రేణువులతో ఎఫెక్ట్ కట్టే పద్ధతి), ఒకదాని వెనుక ఒకటి. ఇంకా పూర్తి కాలేదు కానీ నిన్న రాత్రి పెద్దనాన్నకు చూపిస్తే "గిది నీళ్లు లేసినట్టున్నది" అన్నాడు.

ఈ ప్యాక్ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్ల జాబితా, మీరు డబ్బు కట్టిన తేదీ నాకు పంపండి. మా ఫిర్యాదుకు వాటిని కూడా జత చేస్తాం.