పర్లాకిమిడిలో మిద్దెతోట సామగ్రి: ఏవి కొనవచ్చు, ఏవి వద్దు

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో ఉన్న ఒక విత్తనాల దుకాణం నుంచి ఈ తొలకరికి గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు), ఇటుకల్లా నొక్కి గట్టిపరచిన కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు, విత్తనాల పొట్లాలు తెచ్చుకున్నాము. యజమాని ఒడియా, తెలుగు రెండింటిలోనూ ఓపికగా సమాధానం చెబుతారు.

మెచ్చుకోవలసినవి గ్రో బ్యాగులు. 12 అంగుళాల సంచుల్లో వంగ, టమాటా మొక్కలు చక్కగా నిలదొక్కుకున్నాయి; కుట్టు రెండు వరుసలుగా ఉన్నందున తడి మట్టి బరువుకు అంచులు విడిపోలేదు, అడుగున రంధ్రాలు సరిపడా ఉన్నందున జడివానలోనూ నీరు నిలవలేదు. కంపోస్టు కూడా పొడిపొడిగా, దుర్వాసన లేకుండా ఉంది.

కొబ్బరి పొట్టు విషయం వేరు. కడిగిన సరుకని పైన ముద్రించి ఉన్నప్పటికీ, నింపిన సంచి పక్కల నీరు ఆరిన చోట తెల్లని ఉప్పు చారలు తేలాయి. లవణాలు మిగిలితే లేత మొక్కల ఆకుల కొసలు మాడిపోతాయి కనుక, దానిని రెండు మూడు నీళ్లు మార్చి పిండుకున్న తరువాతనే మట్టిలో కలపడం మంచిది. అది తేమను పట్టి ఉంచుతుందే కాని, మొక్కకు చెప్పుకోదగ్గ పోషకాలను ఇవ్వదు.

అన్నిటికంటే నిరాశపరచినది కొత్తిమీర పొట్లం. దానిపై ప్యాకింగు తేదీ గాని, మొలక శాతం గాని లేదు; మొలకలు అక్కడొకటి ఇక్కడొకటిగా వచ్చాయి. వంటింటి ధనియాలను బద్దలుగా నలిపి పక్కనే చల్లిన వరుస అంతకంటే ఒత్తుగా లేచింది. మార్చి ఇమ్మంటే, అది కంపెనీ సరుకని యజమాని తప్పించుకున్నారు.

పుదీనా నారు మాత్రం అక్కడ కొననవసరం లేదు. సంతలో తెచ్చిన కట్టలోని ముదురు కాడలను, కింది ఆకులు గిల్లి తడి మట్టిలో గుచ్చితే చాలు.