బటన్ అరగకుండానే ముసలైన టైర్లు: ఆరున్నరేళ్ల తర్వాత నా రివ్యూ

ఈ టైర్ల గురించి 2020లో నేనే ఒకసారి రాశాను. పొగిడే రాశాను. "రెండేళ్లయింది, బటన్ చెక్కు చెదరలేదు, బంగారం లాంటి టైర్లు" అన్నది నా మాటే. బటన్ అంటే రోడ్డుకు ఆనే చోట టైరు మీద ఉండే గాడుల రబ్బరు. అది నమ్మి ఆఫీసులో ఇద్దరు అవే వేయించుకున్నారు. వాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే రోజూ తిరిగి ఎప్పుడో అరగదీసి మార్చేశారు. నావి అరగలేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

కంపెనీ పేరు రాయను. సైజూ ధరా ఏ షాపువాడైనా చెబుతాడు, వాటి జోలికీ పోను.

మాది విజయవాడ పటమట. 2014లో కొన్న చిన్న కారు. 2018 అక్టోబరులో నాలుగు టైర్లూ మార్చాను. ఆ తర్వాత కారు తీయడమే తగ్గిపోయింది. ఆఫీసుకి స్కూటర్ మీద వెళ్తాను, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో కారుతో ఎవరు పడతారు? కరోనా రోజుల్లో అయితే నెలల తరబడి ఇంటి ముందు రోడ్డు మీదే నిలబడి ఉంది. నీడ లేదు. మధ్యాహ్నం నుంచి పొద్దువాలే దాకా పడమటి ఎండ ఎడమ వైపు చక్రాల మీదే. బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పేదేముంది. ఆరున్నరేళ్లలో తిరిగింది మొత్తం 31 వేల కిలోమీటర్లు.

2025 మేలో మా బావమరిది కూతురి ఓణీల ఫంక్షన్‌కి గుంటూరు బయల్దేరాం. మేం నలుగురం, మా అత్తగారు, డిక్కీలో రెండు బుట్టల నూజివీడు రసాలు. పొద్దున్నే వెళ్దామని మా ఆవిడ ముందు రోజే అంది. నేను మధ్యాహ్నం రెండింటికి తీశాను. వారధి దాటాం, మంగళగిరి దాటాం. కాజ టోల్‌గేట్ దాటి మళ్లీ స్పీడు అందుకున్నాక సీటు అదరడం మొదలైంది. స్టీరింగ్ మామూలుగానే ఉంది, కాబట్టి రోడ్డు బాగోలేదేమో అనుకున్నాను. వెనక నుంచి అత్తగారు, "బాబూ, ఏదో కొట్టుకుంటోంది చూడండి" అన్నారు. పాటలు ఆపితే వినిపించింది. దబ్ దబ్ దబ్. స్పీడు తగ్గిస్తే చప్పుడూ నిదానిస్తోంది.

బ్రేకు గట్టిగా తొక్కకుండా పక్కకు తీసి ఆపాను. దిగి చూస్తే నాలుగు టైర్లలోనూ గాలి ఉంది. ఏమీ కనబడలేదు. కారును రెండడుగులు ముందుకు జరిపితే అప్పుడు పైకి వచ్చింది. ఎడమ వెనక టైరుకి బటన్ ఉన్న పైపొర జానెడు మేర లోపలి పొరను వదిలేసి పూరీలా ఉబ్బింది. అంచున వేలు దూరేంత సందు. ఆ సందులో సన్నటి ఇనప తీగలు, కొసలు తుప్పు పట్టి. ఆ ఉబ్బు పైన మడ్‌గార్డుకి తగులుతూ వచ్చిందన్నమాట. ఇంకో పది కిలోమీటర్లు పాటలు వింటూ పోయి ఉంటే ఏమయ్యేదో అత్తగారి ముందు పైకి అనలేదు.

అలాంటి స్థితిలోనూ టైరు పేలలేదు, గాలి వదల్లేదు. ఆ ఒక్క మార్కు మాత్రం ఇవ్వాలి.

స్టెప్నీ ఉందిగా అన్న ధీమాతో జాకీ పెట్టాను. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నేల తాకని స్టెప్నీ అది. కొత్త టైరు మీద ఉండే రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు. గాలి మాత్రం సగమే ఉంది. నత్తనడకన సర్వీసు రోడ్డులో ఉన్న పంక్చర్ షాపు దాకా తీసుకెళ్లాను. షాపు పెద్దాయన గాలి పట్టబోయి ఆగాడు.

"ఇదెప్పటిది బాబూ?"

"కొత్తదే బాబాయ్, అసలు వాడలేదు."

ఆయన బొటనవేలితో టైరు పక్క గోడ మీది దుమ్ము తుడిచి, కోలగా ఉన్న గడిలో నాలుగంకెలు చూపించాడు. 0314. "మూడో వారం, పద్నాలుగో సంవత్సరం. మీ వాడి వయసెంత?" అన్నాడు. పదేళ్లు అన్నాను. "అయితే ఇది వాడికి అన్న" అని నవ్వి, గాలి పట్టి, నలభై దాటించవద్దని మరీ మరీ చెప్పి పంపాడు. గుంటూరు చేరేసరికి భోజనాలైపోయాయి. రసాలు మాత్రం బాగున్నాయి.

అక్కడే ఊడిన టైరు తిరగేసి చూశాం. దాని అంకెలు లోపలి వైపున ఉన్నాయి. కొన్ని టైర్లకు తేదీ ఒక పక్కే ఉంటుందట, బిగించేటప్పుడు ఆ పక్క లోపలికి పోతే కారు కింద పడుకుని టార్చి వేస్తే తప్ప కనబడదు. 3616 అని ఉంది. 2016లో 36వ వారం, అంటే సెప్టెంబరు. నేను కొన్నది 2018 అక్టోబరులో! కొన్న రోజుకే దానికి రెండేళ్లు. చీకటి గోడౌనులో సరిగ్గా పెట్టిన టైరు రోడ్డు మీది టైరంత తొందరగా పాడవదని తర్వాత తెలిసింది, ఒప్పుకుంటాను. అయినా కొత్తదని అమ్మినవాడు ఆ మాట చెప్పి అమ్మాలి కదా. ఏ షాపో ఇక్కడ చెప్పను గానీ, ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మర్నాడు ఆటోనగర్‌లో తెలిసినాయన మిగతా మూడూ విప్పించాడు. మామూలుగా చూస్తే నిగనిగలాడుతున్నాయి. వాటర్ సర్వీసింగ్ చేయించినప్పుడల్లా కుర్రాళ్లు టైర్ పాలిష్ పూస్తారు, తెల్లజుట్టుకి రంగేసినట్టు. ఆయన గుడ్డతో పాలిష్ తుడిచి, పక్క గోడను రెండు చేతులతో వంచి చూపించాడు. ఎండిన చెరువు మట్టిలా సన్నటి బీటలు. బటన్ గాడుల అడుగున కూడా అంతే, గోరు పెడితే దిగుతోంది. లోతు కొలిస్తే ఇంకా నాలుగున్నర మిల్లీమీటర్లు ఉంది.

ఎండకూ గాలిలోని ఓజోనుకూ పగలకుండా రబ్బరులో మైనం లాంటిది కలుపుతారు. టైరు తిరిగి నలుగుతుంటే అది కొద్దికొద్దిగా పైకి వచ్చి పూతలా కాపాడుతుంది. నెలల తరబడి కదలని బండికి ఆ పూత సరిగా రాదు. లోపల ఇనప తీగల పొరల మధ్య ఉన్న రబ్బరేమో ఆక్సిజన్‌కీ వేడికీ గట్టిపడి పట్టు వదులుతుంది. అది మాత్రం పైనుంచి ఎవరికీ కనబడదు. అంటే కారును తక్కువ తిప్పి టైర్లను దాచుకుంటున్నానని నేను మురిసిపోయిన రోజుల్లోనే అవి పాడవుతూ వచ్చాయి.

నాకు ఇంకా మింగుడుపడనిది, నేను ఏ నిబంధనా తప్పలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 94వది చూస్తే కారు టైరుకి బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని ఉంది, బైకులకూ ఆటోలకూ 0.8. వయసు మాట లేదు. నా టైర్లు ఆ లెక్కన ఇంకో నాలుగేళ్లు దర్జాగా పాసయ్యేవి. బ్రిటన్‌లో 2012లో ఒక బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోతే, తీరా చూస్తే ఆ టైరుకి 19 ఏళ్లు దాటాయి, బస్సు కంటే టైరే పెద్దది. 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ లారీలకూ బస్సులకూ ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదు. కార్లకు అక్కడా ఆ రూలు లేదు. టైరు కంపెనీలు మాత్రం ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోమనీ, బటన్ ఉన్నా పదేళ్లకు తీసేయమనీ చెబుతుంటాయి. కొన్ని కార్ల కంపెనీలైతే ఆరేళ్లే అంటాయి.

తప్పంతా టైరు మీదా షాపు మీదా తోయడం కూడా న్యాయం కాదు. ఆ రోజు గాలి చూసుకుని మూడు వారాలైంది. మే నెల మిట్టమధ్యాహ్నం, ఐదుగురం, బుట్టలు. గాలి తక్కువున్న టైరు ఆ బరువుకీ ఆ ఎండకీ ఎంత కాగుతుందో ఇప్పుడు తెలుసు. సరిగ్గా గాలి ఉంటే ఇంకో ఏడాది లాగేదేమో.

కాబట్టి 2020 నాటి రివ్యూను వెనక్కి తీసుకోవడం లేదు గానీ కొంచెం సవరిస్తున్నాను. ఏడాదికి పదిహేను వేలు తిప్పేవాళ్లకు ఇవి మంచి టైర్లే, ముసలయ్యే లోపే అరిగిపోతాయి. నాలాగా కారును ఎండలో పెట్టి పండక్కీ పెళ్లికీ తీసేవాళ్లు బటన్ ఎక్కువ కాలం వస్తుందని డబ్బు ఎక్కువ పెట్టడం దండగ అనిపిస్తోంది. సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్ల లెక్క వేరే ఉండొచ్చు.

ఈసారి ఐదు కొన్నాను, స్టెప్నీతో కలిపి. మొదటి షాపులో అంకెలు చూపించమంటే "అందరూ ఇవే తీసుకుంటున్నారు సార్" అన్నాడు. రెండో షాపులో మూడు నెలల కిందటివి దొరికాయి. అంకెలు బయటికి ఉండేలా బిగించమన్నాను. పాతవాటికి, ఊడినది పోగా, ఒక్కోదానికి నాలుగొందలు ఇస్తానన్నాడు, స్టెప్నీకైతే వెయ్యి. ఎవరికి అమ్ముతావంటే ఆటోలకూ ట్రాలీలకూ పోతాయన్నాడు. అవేవీ వద్దని, పక్క గోడలు కోసేయమన్నాను. కుర్రాడు కత్తి పట్టుకుని స్టెప్నీ దగ్గర ఆగిపోయి నా మొహం చూశాడు.

"ఫుల్ బటన్ ఉంది సార్. బంగారం లాంటి టైరు."