కాజీపేటలో రెండు రోజులు

కాజీపేట మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. బండి దిగి ఊళ్లో ఉన్నది మాత్రం ఈసారే. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మా మేనమామ తోడొచ్చాడు. సికింద్రాబాద్ నుంచి 132 కిలోమీటర్లే కాబట్టి ఎండ ముదరకముందే దిగిపోయాం.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కగానే మామయ్య ఆగి చెయ్యి చాపాడు. "గటు సికింద్రాబాద్, గిటు వరంగల్. ఇంకోదిక్కు మహారాష్ట్రల బల్లార్షా. ఈ మూడు దిక్కులు ఎరుకైతే కాజీపేట ఎరుకైనట్టేరా."

నిజాం రాజ్యంలో రైలు మొదట వచ్చింది 1874లో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా. అక్కడి నుంచి 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు లైను సాగింది. అప్పటికి కాజీపేట దారి చీలే చోటు కాదు. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాకే దశ తిరిగింది. మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి ఏర్పడింది. సింగరేణి బొగ్గు కూడా ఈ దారినే దిగువకు వస్తుంది. దేశం ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపిన ముడి ఇంత చిన్న ఊళ్లో ఉందంటే నాకు ఒళ్లు పులకరించింది.

ఇక ప్రయాణికులకు అసలు పనికొచ్చే సంగతి. బల్లార్షా వైపు నుంచి వచ్చే లైను కాజీపేట దగ్గర రెండుగా చీలి, ఒకటి సికింద్రాబాద్ వైపు, ఒకటి వరంగల్ వైపు తిరుగుతుంది. అందుకే హైదరాబాద్-ఢిల్లీ తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది, వరంగల్ వెళ్లదు. చెన్నై-ఢిల్లీ గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌కు హాల్ట్ వరంగల్‌లో. గోల్కొండ, కృష్ణా లాంటి పగటి బండ్లు రెండు చోట్లా ఆగుతాయి. రెండు స్టేషన్ల మధ్య దూరం 10 కిలోమీటర్లే అయినా, టికెట్ మీద పేరు చూసుకోకుండా వస్తే ఆఖరి నిమిషంలో ఆటో కోసం పరుగులు తప్పవు. స్టేషన్ బయట అలా సామాన్లతో టెన్షన్ పడుతున్న ఒక కుటుంబాన్ని కళ్లారా చూశాం.

మొదటి రాత్రి స్టేషన్‌కు దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ, వేడినీళ్లు ఉంటాయని చెప్పి పొద్దున్నే చన్నీళ్లే ఇచ్చారు. రాత్రంతా ఇంజన్ల కూతలు. మామయ్యకు అవి జోలపాటలా ఉన్నాయి, నాకు మాత్రం కునుకు పట్టలేదు. రెండో రోజు హనుమకొండకు మారాం. బండి తెల్లవారుజామున ఉంటే స్టేషన్ దగ్గరే ఉండండి, గుళ్లు చూడాలనుకుంటే హనుమకొండే మేలు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు అక్కడి నుంచి ఆటోకు దగ్గర. రామప్పకు మాత్రం ఒక రోజంతా వదిలిపెట్టాలి. దాన్ని హడావుడిగా చూడటం తప్పు. కాజీపేటలోనే ఉన్న దర్గా, ఫాతిమా నగర్ చర్చి ఒక పూటలో చూసేయొచ్చు.

ఊళ్లో ఎవరితో మాట కలిపినా చివరికి కోచ్ ఫ్యాక్టరీ దగ్గరికే వస్తుంది. 1980లలో ఇక్కడికి రావలసింది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయిందన్న బాధ ఇంకా తగ్గలేదు. 2014 విభజన చట్టంలోనూ తెలంగాణకు కోచ్ ఫ్యాక్టరీ విషయం పరిశీలించాలని రాశారు. చివరికి 2023 జూలై 8న ప్రధాని మోదీ వరంగల్ వచ్చి, 500 కోట్లకు పైగా ఖర్చుతో కాజీపేటలో కట్టే రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. ఇక్కడ లోకో షెడ్లలో పనిచేసిన తండ్రులు, తాతలు ఉన్న పిల్లలకు ఆ ఉద్యోగాల్లో చోటు దొరకాలని గట్టిగా కోరుకుంటున్నాను.

తిరుగు ప్రయాణం రోజు సాయంత్రం ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చున్నాం. బల్లార్షా వైపు నుంచి బొగ్గు గూడ్సు వచ్చింది. మామయ్య పెదాలు కదుపుతూ వ్యాగన్లు లెక్కపెట్టాడు. చివర బ్రేక్‌వ్యాన్ కనబడగానే లేచి నిలబడి చెయ్యి ఊపాడు. ఇప్పుడు గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆ కుర్రాడు మమ్మల్ని ఎరగడు, అయినా పచ్చజెండా పైకెత్తి చూపించాడు.