రాడార్ బొమ్మ చూసి షామియానా వేస్తున్నాను: ఐదేళ్ల వాడకం తర్వాత

మల్కాజిగిరిలో మాది చిన్న టెంట్ హౌస్. 2020 అక్టోబర్ 13న, అధిక మాసం కావడంతో పెళ్లిళ్లు లేక, దొరికిన ఒకే ఒక్క దశదిన కర్మకు షామియానా వేశాం. రాత్రికి బట్ట, కార్పెట్లు, కుర్చీలు అన్నీ నీళ్లలోనే. ఆ వానలో ఘట్‌కేసర్ దగ్గర సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్లు పడిందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి వాతావరణ శాఖ రాడార్ బొమ్మ, తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ పెట్టే వర్షపాతం లెక్కలు చూడకుండా నేను గుంజ పాతలేదు. రెండింటికీ పైసా ఖర్చు లేదు.

అయితే చదవడం నేర్చుకోవాలి. నేను చూసే రాడార్ బొమ్మ మీద టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైమ్‌లో ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైమ్. ఆ సంగతి తెలియక మొదట్లో మధ్యాహ్నం రెండింటికి బొమ్మ మీద 8:30 అని చూసి, పొద్దుటిదే ఇంకా ఉంచారని తిట్టుకున్నాను. వాన లెక్క కూడా అంతే. పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా ఒక రోజు. రాత్రి కురిసింది మర్నాటి ఖాతాలో పడుతుంది.

అన్నిటికంటే పనికొచ్చింది మాటల అర్థం. బులెటిన్‌లో ‘ఒకటి రెండు చోట్ల’ అంటే వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. ‘భారీ వర్షం’ అంటే ఊరికే పెద్ద వాన కాదు, ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి. ఇది తెలిశాక టెన్షన్ సగం తగ్గింది. "అన్నా, ఎల్లో అలర్ట్ అంటున్నరు, ఫంక్షన్ ఆపుకోవాల్నా?" అని పార్టీ వాళ్లు ఫోన్ చేస్తే, ఆగమ్మా, సాయంత్రం నాలుగింటికి చూసి చెప్తానంటాను. రాడార్‌లో ఎరుపు మచ్చ మా వైపు జరుగుతుంటే వాటర్‌ప్రూఫ్ బట్ట ఎక్కిస్తాం.

రాడార్‌ను గుడ్డిగా నమ్మలేం. అది ఉన్న మబ్బునే చూపిస్తుంది, పుట్టబోయేదాన్ని కాదు. ఏప్రిల్, మే నెలల్లో నెత్తి మీదే మబ్బు కట్టి అరగంటలో కుమ్మేసిన రోజులు రెండున్నాయి. రెండుసార్లూ మునిగాను.

నా అసలు కోపం పాత లెక్కల మీద. ఇవాళ్టిది చిటికెలో దొరుకుతుంది. మా ప్రాంతంలో ఏ నెల, ఏ వారం వాన ఎక్కువో చూసుకుందామని పదేళ్ల లెక్క కోసం ఒక కార్యాలయానికి పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. వాళ్లు ఇచ్చారు, కాదనను. కానీ కాగితాల కట్ట ఇచ్చారు, అందులో సగం జిరాక్స్ మసక. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని ప్రింట్ తీసి ఎందుకిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందుకని నేనే రాసుకుంటున్నాను, అద్దె చిట్టా వెనక పేజీల్లో. మల్కాజిగిరి, ఉప్పల్, ఘట్‌కేసర్, మూడు గళ్లు. ఇప్పటికి రెండు పుస్తకాలు నిండాయి.