మంగు మచ్చలకి రంగున్న సన్‌స్క్రీన్: రెండు వేసవులు వాడాక

సన్‌స్క్రీన్ ఎండని ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్, పీఏ ప్లస్‌ల సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను. నేను చెప్పేదంతా ఈ ట్యూబ్‌లో కలిపిన రంగు గురించే. అది సోకు కోసం కాదు, అసలు పని చేసేదే అది.

రెండో కాన్పు తర్వాత నాకు బుగ్గల మీదా, పై పెదవి మీదా మంగు వచ్చింది. రంగు లేని ఎస్‌పీఎఫ్ 50 క్రీము మానకుండా రాసేదాన్ని. అయినా చలికాలంలో పలచబడ్డ మచ్చ మార్చి వచ్చేసరికి మళ్లీ ముదిరేది. మామూలు సన్‌స్క్రీన్ ఆపేది ముఖ్యంగా అతినీలలోహిత కిరణాల్నేనని డాక్టరుగారు చెప్పారు. కంటికి కనిపించే వెలుతురు కూడా, అందులోనూ నీలి కాంతి, మన చామనఛాయ చర్మంలో నల్లదనాన్నిచ్చే మెలనిన్‌ని పెంచుతుందట. దానికి అడ్డుపడేది ఈ క్రీములో కలిపే ఐరన్ ఆక్సైడ్ అనే రంగుపొడి. ఎరుపు, పసుపు, నలుపు ఆక్సైడ్‌లు కలిస్తేనే ఈ గోధుమ రంగు. కొనేముందు డబ్బా వెనక సీఐ 77491, 77492, 77499 అనే ఆ రంగుల నంబర్లు ఉన్నాయేమో చూసుకోండి.

విజయవాడలో మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఏటా ఆ నెలలో నా బుగ్గ ఎముక మీద మచ్చ అంచు గీత గీసినట్టు తేలేది. ఈ రంగు క్రీము మొదలుపెట్టిన ఏడాది, కిటికీ దగ్గర అద్దం పట్టుకుని చూస్తే ఆ అంచు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. రంగు పైపైన కప్పేస్తోందేమోనని కొబ్బరినూనె దూదితో అంతా తుడిచి మరీ చూశాను. తుడిచాకా అంతే! ఎంత సంతోషమేసిందో.

అప్పట్లో తెలిసినవాళ్లందరికీ మచ్చలు పోతాయనే చెప్పాను. ఇప్పుడైతే ముదరకుండా ఆగుతాయంటాను. పలచబడ్డంలో రాత్రిపూట రాసే అజెలైక్ ఆసిడ్ అనే మచ్చల మందుకీ, మొదట్లో డాక్టరుగారు కొన్ని వారాలు మాత్రమే రాయించి ఆపేసిన హైడ్రోక్వినోన్ అనే మరో మచ్చల మందుకీ వాటా ఉంది. మందుల షాపులో చీటీ లేకుండా చేతిలో పెట్టే మూడు మందుల క్రీము మాత్రం వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి.

ఇబ్బందులు లేకపోలేదు. చెమట పడితే ముక్కు పక్కన చారలు కడుతుంది. చున్నీకీ ఫోనుకీ అంటుతుంది. తెల్ల కాటన్ జాకెట్టు మెడకి పట్టిన మరక ఎంత రుద్దినా పూర్తిగా వదల్లేదు. రెండు వేళ్ల పొడుగున తీసుకుని మధ్యాహ్నం మళ్లీ రాస్తే చిన్న ట్యూబ్ నెల కూడా రాదు.

నాది పొడి చర్మం, ఏసీ గదిలో కూర్చుని చేసే పని, మధ్యలో మళ్లీ రాసుకునే తీరిక ఉంది. ఎండలో తిరిగేవాళ్లు గొడుగో వెడల్పు టోపీయో పెట్టుకుని, ఆ పైన ఇది వాడాలి. కాన్పు మంగు కొందరికి దానంతటదే తగ్గుతుంది కూడా, కాబట్టి పసిబిడ్డ తల్లులు తొందరపడి ఖర్చు పెట్టక్కర్లేదు. నేనైతే వచ్చే వేసవికీ ఇదే కొంటాను. షేడ్ ఇంకాస్త పసుపు తిరిగింది దొరికితే మాత్రం దానికి మారిపోతాను.